చూచినవారందరు సాక్షులా?

గతించిన కాలమును కన్నులార చూడవలెనను కోరిక మానవునిలో క్రొత్తగా పుట్టినది కాదు. తాత చెప్పిన ఊరిని మనుమడు వెదకికొని పోవును. యాత్రికుడు శిథిలమైన కోట మెట్టుమీద కూర్చుండి, ఒకప్పుడు ఇది ఎట్లుండెనో యని తలపోయును. 1787లో రాబర్టు బార్కరు అను చిత్రకారుడు, చూపరి చుట్టును వలయముగా అమర్చిన పెద్ద చిత్రపటమునకు బ్రిటనులో పేటెంటు హక్కు పొందెను. 1793లో లండనులో దానికొరకు ఒక ప్రత్యేక భవనమే వెలసెను. పైకము చెల్లించి లోనికి పోయినవారు నడుమ నిలువబడి, దూరపు దృశ్యములను తమ యెదుట ఉన్నట్లే చూచి ఆశ్చర్యపడిరి.

ఆ కోరికకు మన కాలములో మరింత బలమైన సాధనము దొరకినది. దానిని వర్చువల్ రియాలిటీ యని పిలుచుచున్నారు. కన్నులకు తగిలించుకొను ఈ యంత్రము రెండు కన్నులకు రెండు వేర్వేరు చిత్రములను చూపును. ఆ రెంటి స్వల్పభేదమువలన దృశ్యమునకు లోతు కలుగును. తల త్రిప్పినయెడల యంత్రము ఆ కదలికను పసిగట్టి, వెంటనే దృశ్యమును మార్చును. అందుచేత చిత్రము తన యెదుట ఉన్నట్లుగాక, తానే చిత్రములో ఉన్నట్లు చూపరికి తోచును. నేడు పెద్ద నగరములకు పోయిన యాత్రికులు మ్యూజియములను దర్శించినట్లే, టిక్కెట్టు కొని, ఈ యంత్రము ధరించి, ఆ నగరపు పూర్వకాలమును "చూచి" వచ్చుచున్నారు.

తెలుగులో కొందరు దీనిని మిథ్యావాస్తవమని పిలుచుచున్నారు. అనువాదము చేయువానికి ఈ మాట ఆలోచన పుట్టించును. వాడుకలో మిథ్య యనగా అబద్ధము. అయితే వేదాంతుల పరిభాషలో అది సత్యమనియు చెప్పరానిది, అసత్యమనియు చెప్పరానిది. యంత్రము చూపు గతము సరిగా ఈ సందిగ్ధస్థానమందే నిలిచియున్నది. కావున రెండు ప్రశ్నలు అడుగవలసియున్నది. గతమును చూపువాడు, తమ పక్షమున మాటలాడలేని మృతులకు ఏమి ఋణపడియున్నాడు? చూచి తిరిగివచ్చిన మనము వారికి ఏమి ఋణపడియున్నాము? వీటిని గాలిలో చర్చించుటకంటె, ఒక నిజమైన స్థలమును ఎదుట ఉంచుకొని విచారించుట మేలు.

భూగర్భములోని బంగారు గృహము

రోమా నగరములో కొలోసియమునకు చేరువను ఒప్పియన్ అను కొండ యున్నది. నీరో చక్రవర్తి కట్టించిన ఒక భవనపు భాగములు దాని గర్భములో నేటికిని నిలిచియున్నవి. క్రీ. శ. 64 జూలైలో పుట్టిన అగ్ని ఆ నగరమును దహించెను. నగరపు 14 విభాగములలో నాలుగు మాత్రమే చెక్కుచెదరక నిలిచెననియు, మూడు నేలమట్టమాయెననియు, తక్కిన ఏడింటిలో కాలిన శిథిలములు మాత్రమే మిగిలెననియు చరిత్రకారుడైన టాసిటస్ వ్రాసెను. ఆ దహనమునకు పిమ్మట నీరో తనకు క్రొత్త నివాసము కట్టింపబూనెను. సెవెరస్, సెలెర్ అనువారు దానికి వాస్తుశిల్పులు. తోటలు, కృత్రిమ సరస్సు, బంగారు పూత పూసిన కప్పులు గల ఆ నివాసమునకు దోముస్ ఔరెయా, అనగా బంగారు గృహము, అను పేరు కలిగెను.

68లో నీరో మరణించెను. అతని వెనుక వచ్చిన పాలకులు ఆ వైభవమును నిలువనీయలేదు. సరస్సు ఉండిన పల్లములో వెస్పాసియన్ కొలోసియమును ఆరంభించెను. అతని కుమారుడైన టైటస్ 80లో దానికి ప్రారంభోత్సవము జరిపెను. రెండవ శతాబ్దారంభమున ట్రాజన్ చక్రవర్తి కొండమీది గదులను మట్టితో నింపించి, వాటిపై స్నానశాలలు కట్టించెను. అట్లు పూడ్చబడుటయే ఆ గదులను కాపాడినది. పదునైదవ శతాబ్దము చివర మనుష్యులు కొండలోని రంధ్రముల గుండ దిగి, చిత్రములతో నిండిన గోడలను కనుగొనిరి. రఫేలు మొదలైన చిత్రకారులు వాటిని దీపముల వెలుగులో చూచి, ఆ అలంకారములను తమ పనిలో అనుసరించిరి.

2010లో పై కట్టడములో కొంత భాగము కూలిపోయెను. 2014లో, మరమ్మతులు జరుగుచుండగనే, వారాంతములలో సందర్శకులను లోనికి రానిచ్చిరి. 2017లో, బంగారు కప్పు మందిరమని పేరుగల గదిలో, వర్చువల్ రియాలిటీ దర్శనమును ఏర్పాటు చేసిరి. తలకు రక్షణ టోపీ ధరించి, మార్గదర్శకుని వెంట చలిగాను చీకటిగాను ఉన్న నడవలలో నడచిన సందర్శకుడు, ఆ గదిలో కూర్చుండి యంత్రమును కన్నులకు తగిలించుకొనును. అంతవరకు తడిసిన ఇటుక గోడలుగా ఉన్నవి పాలరాతి పలకలగును. వెలసిన కప్పు రంగులతోను బంగారుతోను మెరయును. మూసికొనియున్న ముందరి వైపు తెరచుకొని సూర్యకాంతి లోనికి ప్రవేశించును. స్తంభముల ఆవల తోట కనబడును. కొన్ని నిమిషములైన పిమ్మట యంత్రము తీసివేయగా, మరల చీకటి, మరల చలి.

శిథిలము కూడ మోసపుచ్చును

ఇట్టి ప్రయత్నమును తేలికగా కొట్టివేయువారు కలరు. ఉన్న రాళ్లను ఉన్నట్లే చూడరాదా, వాటిమీద ఈ బొమ్మలెందుకని వారడుగుదురు. ఇది వినుటకు నిజాయితీగల మాటవలె నుండును. అయితే శిథిలము ఉన్నది ఉన్నట్లు చెప్పునని తలంచుట సరికాదు. రఫేలు కాలపువారు ఆ స్థలములో తమ కన్నులతో చూచినది గుహలను. గుహను ఇటలీవారు గ్రొత్తా యందురు. ఆ గుహలలో కనబడిన అలంకారమునకు ఆ మాటనుండియే గ్రొటెస్క్ అను పేరు పుట్టినది. నిజమునకు అవి గుహలు కావు. ఎండకును తోటకును తెరచియుండిన గదులు. వాటిని చీకటిచేసినది నీరో కాదు, ట్రాజన్ పోయించిన మట్టి. ఏ యంత్రమును లేకుండగనే, ఏ మోసగాడును లేకుండగనే కన్ను మోసపోయినది. ఆ భ్రమ ఒక మాటగా మారి యూరపు భాషలలో నేటికిని బ్రదుకుచున్నది.

కావున ఆ గదికి వెలుగును తిరిగి చూపుట ఆడంబరము కాదు. ఒక పాత భ్రమను సరిదిద్దుట. పైగా ఈ సాధనమునకు మరియొక సుగుణము కలదు. అది గోడను తాకదు. ప్రాచీన కట్టడముల సంరక్షణకొరకు 1964లో వెనీసు నగరములో పండితులు ఒక నియమపత్రమును ఆమోదించిరి. ఊహ ఎచ్చట ఆరంభమగునో అచ్చట పునరుద్ధరణ ఆగవలెననియు, తప్పనిసరియై చేర్చిన క్రొత్త భాగము క్రొత్తదిగానే కనబడవలెననియు అందలి సారాంశము. గోడకు మరల రంగు పూసినయెడల పాత గోడ పోవును. వెలుగుతో గీసిన రంగు యంత్రము తీయగనే తొలగిపోవును. గోడ గోడగానే మిగులును.

తెలుగువారికి ఈ వివేకము పరాయిది కాదు. నాగార్జునసాగరు జలాశయములో మునుగనున్న నాగార్జునకొండ లోయను 1954 మొదలు 1960 వరకు పురావస్తు శాఖవారు విస్తారముగా త్రవ్విరి. కొన్ని కట్టడములను తరలించియు, కొన్నింటికి నమూనాలు కట్టియు, నేడు ద్వీపముగా నున్న కొండమీదను, ఒడ్డుననున్న అనుపులోను నిలిపిరి. అవి పూర్వము అచ్చట లేవనియు, ఇప్పుడు నీటి అడుగుననున్న లోయకు చెందినవనియు చూడబోయినవారికి తెలియును. తెలిసినందున వాటి గౌరవము తగ్గలేదు. సత్యము చెప్పబడిన చోట చేర్పు కూడ గౌరవనీయమగును.

అనువాదకుడు చేర్చిన మాటలు

అయితే గోడను తాకనిది జ్ఞాపకమును తాకును. ఇచ్చటనే కష్టము ఆరంభమగుచున్నది. దీనిని వివరించుటకు నా వృత్తినుండి ఒక విషయము చెప్పుదును.

1611లో ఇంగ్లండులో వెలువడిన జేమ్సు రాజు అనువాదమును తెరచినవారు అందలి ఒక విశేషమును గమనింతురు. మూలములో లేని మాటను అర్థము పూర్తియగుటకై చేర్చవలసి వచ్చినప్పుడు, ఆ మాటను వేరైన చిన్న అక్షరములతో అచ్చువేసిరి. తరువాతి ముద్రణలలో అట్టి మాటలు వాలు అక్షరములతో వచ్చినవి. హెబ్రీ భాషలో క్రియాపదము లేని వాక్యములు పెక్కు. ఇంగ్లీషునకు క్రియ లేక వాక్యము నిలువదు గనుక చేర్చక తప్పలేదు. తెలుగునకు ఆ బాధ లేదు. అతడు నా సహోదరుడు అనినచో క్రియ లేకయే వాక్యము నిండును. ఏమైనను, ఆ అచ్చు పద్ధతిలో ఒక నీతి యున్నది. ఇది వారు చెప్పినది, ఇది నేను చేర్చినది యని చదువరికి ఎరుకచేయుట ఆ నీతి.

కాని గుర్తు పెట్టుటకు వీలులేని చేర్పులు కూడ కలవు. మన భాషకు మేము, మనము అని రెండు మాటలున్నవి. వినువానిని కలుపుకొనినయెడల మనము. వెలుపల నుంచినయెడల మేము. గ్రీకు భాషలో ఈ భేదము లేదు. యోహాను సువార్త నాలుగవ అధ్యాయములో సమరయ స్త్రీ బావియొద్ద యూదుడైన అపరిచితునితో యాకోబునుగూర్చి మాటలాడుచు, అతనిని తండ్రి యని పేర్కొనును. ఆమె మా తండ్రి యనెనా, మన తండ్రి యనెనా? మా తండ్రి యనినయెడల, యాకోబు మా సొత్తు, నీకు భాగము లేదు అని కొంత బిగువు. మన తండ్రి యనినయెడల, రెండు జనములును ఒకే బావి నీరు త్రాగినవే యని కొంత చేరిక. మూలము ఈ రెంటిలో దేనిని చెప్పలేదు. అయినను తెలుగు అనువాదకుడు మౌనముగా ఉండలేడు. మూడవ మాట లేదు. ఏదో ఒకటి వ్రాయవలెను. వ్రాసిన తరువాత అది మూలపు మాటయే యని చదువరి నమ్మును.

యంత్రముతో గతమును చిత్రించువాని స్థితి సరిగా ఇట్టిదే. గ్రంథము వ్రాయువాడు, ఈ భాగమునకు ఆధారము లేదు అని ఒక పంక్తి వ్రాసి ముందుకు పోవచ్చును. చిత్రమునకు అట్టి సౌకర్యము లేదు. కప్పునకు ఏదో ఒక రంగు వేయవలెను. తోటలో ఏదో ఒక చెట్టు నాటవలెను. బంగారు కప్పు విషయములో కొంత ఆధారము దొరకినది. కప్పుమీద మిగిలిన చిత్రముల జాడలున్నవి. ఫ్రాన్సిస్కు ద హొలాండ అను పోర్చుగీసు చిత్రకారుడు పదునారవ శతాబ్దములో ఆ కప్పును చూచి రంగులతో గీసిన చిత్రమును నిలిచియున్నది. కాని తోటలో ఈ చెట్టు ఈ చోటనే ఉండెనని ఎవరు సాక్ష్యమిత్తురు? యంత్రములో మాత్రము సాక్ష్యముగల కప్పును, సాక్ష్యము లేని చెట్టును ఒకే వెలుగుతో ప్రకాశించును. అచ్చట వాలు అక్షరములు లేవు.

పండితులు దీనిని గుర్తెరుగకపోలేదు. కంప్యూటరు సాయముతో ప్రాచీన సంపదను చిత్రించువారికొరకు 2006లో లండను చార్టరు అను నియమావళిని ఆరంభించిరి. 2009లో దానిని సవరించిరి. ఏది ఆధారముగలది, ఏది ఊహ యను సంగతి తెలియజేయవలెననియు, ఏ తర్కముచేత ఆ రూపమును ఎన్నుకొనిరో వ్రాసియుంచవలెననియు అందు కోరిరి. ఇది మెచ్చదగిన నియమము. అయితే ఆ వ్రాతలను వెదకి చదువు సందర్శకులు ఎందరు? చదివినది మరచిపోవచ్చును, చూచినది మనస్సులో పాతుకొనును.

నీరో విషయమే దీనికి నిదర్శనము. రోమా తగులబడుచుండగా నీరో ఫిడేలు వాయించెనని లోకమంతయు చెప్పుకొనును. ఫిడేలు పదునారవ శతాబ్దపు వాద్యము. నీరో కాలములో అది లేదు. అగ్ని పుట్టినప్పుడు అతడు ఆంతియమను ఊరిలో ఉండెననియు, తిరిగివచ్చి ఇల్లు కాలినవారికి తన తోటలను తెరచెననియు టాసిటస్ వ్రాసెను. నగరము కాలుచుండగా ట్రాయి పట్టణ నాశనమునుగూర్చి అతడు పాడెనను వదంతిని వదంతిగానే పేర్కొనెను. అయినను వాక్యము ఓడిపోయినది, బొమ్మ గెలిచినది. 1896లో పుస్తకరూపమున వచ్చిన షెంకేవిచ్ నవల క్వో వాదిస్, 1951లో దానినుండి వచ్చిన చలనచిత్రము కోట్లాది జనుల మనస్సులలో ఒక రోమాను కట్టిపెట్టినవి. తెరమీది బొమ్మకే ఇంత బలమున్నయెడల, మనలను తన లోపల కూర్చుండబెట్టుకొను బొమ్మకు ఎంత బలముండును!

ఎవరి కన్నులతో?

ఇచ్చట క్రైస్తవ చదువరికి మరియొక ప్రశ్న తోచును. ఆ అగ్ని నేరమును నీరో క్రైస్తవులమీద మోపెననియు, కొందరికి జంతుచర్మములు కప్పి కుక్కలచేత చీల్పించెననియు, కొందరిని రాత్రివేళ దీపములుగా కాల్పించెననియు, ఆ ప్రదర్శనకు తన తోటలనే ఇచ్చెననియు టాసిటస్ వ్రాతలో ఉన్నది. ఇది చదివిన భక్తుడు యంత్రమును ధరించి బంగారు గృహపు తోటను చూచినప్పుడు, ఈ వైభవమంతయు చూపితిరి, మా వారెక్కడ అని అడుగుట సహజము. ఆ తోటలో ఆ మంటలను కూడ చూపినయెడల అది న్యాయము కాదా?

న్యాయము కాదని నా అభిప్రాయము. దీనికి రెండు కారణములు చెప్పుదును.

మొదటిది సత్యమునకు సంబంధించినది. ఆ హింస జరిగిన తోటలు టైబరు నదికి ఆవల వాటికన్ ప్రాంతమందలివని చరిత్రకారుల సాధారణాభిప్రాయము. బంగారు గృహము అప్పటికి పూర్తి కాలేదు. టాసిటస్ కూడ సంఘటన జరిగిన ఇంచుమించు 50 సంవత్సరములకు వ్రాసెను. 2015లో బ్రెంట్ షా అను చరిత్రకారుడు, నీరో క్రైస్తవులను క్రైస్తవులుగా హింసించెనను మాటకే చాలినంత ఆధారము లేదని వాదించెను. ఆ వాదమును ఒప్పుకొననివారు దానికి ప్రత్యుత్తరములు వ్రాసిరి; నేనును దానిని ఒప్పుకొనను. అయినను అట్టి వివాదము విద్వాంసుల నడుమ నున్నదని చెప్పుట మన ధర్మము. వాటికనుకు చెందిన మంటను తెచ్చి ఒప్పియన్ కొండ తోటలో వెలిగించుట, ఎంత భక్తితో చేసినను, అబద్ధమే. దేవుని పక్షముగా అబద్ధమాడవచ్చునా యను ప్రశ్నను యోబు తన స్నేహితులను ఏనాడో అడిగియున్నాడు. ఆ ప్రశ్నకు అనుకూలమైన జవాబు నేటికిని దొరకలేదు.

రెండవ కారణము ఇంతకంటె లోతైనది. ఈ యంత్రము దృశ్యమును మాత్రమే ఇయ్యదు. ఒక స్థానమును కూడ ఇచ్చును. చూపరి ఎచ్చటనో ఒకచోట నిలిచియే చూడవలెను. ఆ చోటు ఎవరిది? బంగారు గృహములో మనము కూర్చుండు చోటు రాజుయొక్క అతిథిది. పాలరాతిని మోసినవారి చోటునుండి మనము చూడము. వారి పేరులు గాని ముఖములు గాని చరిత్రలో మిగులలేదు. ఇక ఆ రాత్రి తోటలోని దృశ్యమును తలంచుడి. కాలుచున్నవారు చూపరులు కారు. చూచుటకు వచ్చినవారు వేరు. వారు నీరో ఆహ్వానముపై వచ్చినవారు. మనుష్యుల వేదనను ప్రదర్శనగా మార్చినదే నీరో చేసిన పాపములో భాగము. ఆ ప్రదర్శనను మరల కల్పించి, టిక్కెట్టు పెట్టి, చూడుమని మనలను పిలిచినయెడల, మనము హతసాక్షుల ప్రక్కను కాక నీరో అతిథుల బల్లమీద కూర్చుందుము. కన్నీరు కార్చుచు కూర్చుండినను బల్ల అదే.

కావున చూపుటలో ధర్మమున్నట్లే, చూపకుండుటలో కూడ ధర్మమున్నది. బంగారు కప్పును చూపుడి. అది చూడబడుటకే చేయబడినది. వేదనపడినవారినిగూర్చి వాక్యములో చెప్పుడి. వాక్యము వినువానికి ఆసనము వేయదు. అతని హృదయములో చోటు అడుగును.

సాక్షి పని

అట్లయిన వేదనయొద్దకు ఈ సాధనము ఎన్నడును రాకూడదా? రావచ్చునని చూపు ఒక ఉదాహరణము మన ఉపఖండములోనే కలదు. 1947 దేశవిభజనలో కోటిమందికి పైగా జనులు ఇల్లు వాకిలి విడిచి సరిహద్దు దాటిరి. వారిలో పెక్కుమంది తాము పుట్టిన ఊరిని మరల చూడలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో చదువుచుండిన భారత, పాకిస్థాను మూలములుగల యువతీయువకులు మరికొందరితో కలిసి ప్రాజెక్టు దాస్తాన్ అను పనిని ఆరంభించిరి. వృద్ధులైన ఆ శరణార్థులయొద్దకు పోయి వారి జ్ఞాపకములను వినిరి. వారు చెప్పిన వీధిని, బడిని, ప్రార్థనాస్థలమును వెదకి, నేడు అవి ఉన్నట్లుగనే నలుదిక్కులు కనబడునట్లు చిత్రించి, ఆ దృశ్యమును యంత్రములో అమర్చి, తిరిగి వారికి చూపిరి.

ఈ రెంటి భేదమును గమనింపుడి. రోమాలో చూచువాడు అపరిచితుడు. చూడబడునది ఇతరుల గతము. సరిదిద్దుటకు ఎవరును మిగులలేదు. దాస్తాన్ పనిలో చూచువాడే ఆ గతమునకు సొంతదారుడు. ఇది మా వీధి కాదు, మా బావి ఆ మూలనుండెను అని చెప్పుటకు అతనికి నోరున్నది. మొదట వినుట జరిగినది. చూపుట తరువాత వచ్చినది. ఆ పనివారే చైల్డ్ ఆఫ్ ఎంపైర్ అను వర్చువల్ రియాలిటీ చిత్రమును సిద్ధపరచగా, 2022లో సండాన్సు చలనచిత్రోత్సవములో ప్రదర్శింపబడెను. భారతదేశమునకు వచ్చిన ఒక హిందువు, పాకిస్థానుకు పోయిన ఒక ముస్లిము, వీరిద్దరు చెప్పిన జ్ఞాపకములే దానికి ఆధారము. అనగా చిత్రించిన భాగము కూడ వారి నోటి సాక్ష్యమునకు లోబడియే యున్నది. యంత్రము అదే, వినయములో భేదము.

ఇప్పుడు చూపరి ఋణమునుగూర్చి కొంత చెప్పవలెను. చూచినంతమాత్రమున ఎవడును సాక్షి కాడు. యెరికో త్రోవలో పడియున్న మనుష్యుని యాజకుడు చూచెను, లేవీయుడు చూచెను, సమరయుడును చూచెను. ముగ్గురి కన్నులకును ఒకే దృశ్యము కనబడినది. మొదటి ఇద్దరి చూపులో లోపమేమియు లేదు. అయినను వారు ప్రక్కగా పోయిరి. చూచిన దానికి తాను ఉత్తరవాదినని ఎరిగినవాడే మూడవవాడు. న్యాయస్థానములో కూడ సాక్షి యనగా చూచినవాడు మాత్రమే కాదు. చూచిన దానిని చూచినంతవరకే చెప్పి, చెప్పిన దానికి కట్టుబడి నిలుచువాడు.

కావున పిల్లలను వెంటబెట్టుకొని నగరయాత్రకు పోయి ఇట్టి దర్శనములకు టిక్కెట్టు కొను తలిదండ్రులు దానిని పాపమని తలంచి వెనుదీయనక్కరలేదు. యంత్రము తీసిన తరువాత మూడు ప్రశ్నలు అడిగిన చాలును. మనము చూచిన దానిలో ఏది త్రవ్వకములలో దొరకినది, ఏది చిత్రకారుడు చేర్చినది? మనలను ఎవరి చోట కూర్చుండబెట్టిరి, ఎవరి చోట కూర్చుండబెట్టలేదు? ఇది చూచినందున, నేడు బ్రదికియున్న ఎవరియెడల మన నడత మారవలెను? మొదటి ప్రశ్నకు మార్గదర్శకుడు సాయపడగలడు. అడిగినయెడల మంచి మార్గదర్శకుడు సంతోషించును. రెండవదానికి కొంత ఆలోచన చాలును. మూడవదానికి జవాబు ఇంటికి వచ్చిన తరువాతనే దొరకును. బంగారు గృహపు పాలరాతిని మోసిన అనామకుని ముఖము మనకు తెలియదు. మన వీధిలో కట్టబడుచున్న భవనమునకు ఇటుకలు మోయుచున్నవాని ముఖము తెలిసికొనుటకు ఏ యంత్రమును అవసరము లేదు.

బావియొద్ద స్త్రీ పలికిన మాట మా యనియా, మన యనియా అను సందేహము వ్యాకరణమునకు మాత్రమే సంబంధించినది కాదు. గతించినవారినిగూర్చి మాటలాడునప్పుడెల్ల మనము ఆ రెంటిలో ఒకటి ఎన్నుకొనుచునే యున్నాము. మేము చూచి వచ్చితిమి అనువాడు మృతులను వెలుపల నుంచును. వారు అతనికి వినోదమైరి. ఈ హతసాక్షులు మా వారు, తక్కినవారు మాకు పనిలేదు అనువాడు సగమును వెలుపల నుంచును. రోమాలో కాలిన ఇండ్లలో క్రైస్తవులవియు ఉండవచ్చును, విగ్రహారాధకులవియు ఉండవచ్చును. అగ్ని వారిని వేరుచేయలేదు. మృతులు మనకు జవాబు చెప్పలేరు గనుక, వారిని మన యని పిలుచుకొను హక్కు ఊరక రాదు. వారినిగూర్చి తెలిసినంతవరకే చెప్పి, తెలియని దానిని తెలియనిదిగా విడిచి, వారి వేదనను చూడముచ్చటగా చేయనొల్లని వానికి ఆ హక్కు కలుగును. అట్టివాడు యంత్రము ధరించినను ధరింపకపోయినను సాక్షియే.